నేతిబీర కుండీ

హైటెక్ సిటీలో విత్తనాల మార్పిడి మేళా ముగిసేసరికి వెంకటరమణ విత్తనంలాగే నేల మీద పడి ఉన్నాడు. మొలిచే ఆశ మాత్రం లేదు. విదేశీ ముఠాకు అతను తోటమాలి. దొంగిలించిన రాడార్ కోడ్‌ను నువ్వుగింజంత చిప్‌లో పెట్టి, ఓ టవర్ మిద్దె మీది గ్లాస్‌హౌస్‌లో కుండీ మట్టిలో కలిపేశాడు. బేరం దగ్గర బీరాలు పోతే ముఠాయే కాల్చింది. పోతూ రెండు ముక్కలే అన్నాడు: నేతిబీర కుండీ.

"మిద్దెతోట పిచ్చున్న ఏజెంటువి నువ్వొక్కడివేనయ్యా. వెళ్లు," అన్నాడు చీఫ్ రామ్మోహనరావు. బ్రీఫింగ్ అంతే.

గిరీష్ లిఫ్ట్ మెకానిక్ వేషంలో మిద్దె ఎక్కాడు. ముఠాలో మన మనిషిగా ఉండి ఆ రెండు ముక్కలూ చీఫ్‌కు చేరవేసిన ఉదయశ్రీ, ఎర్రచీరా నల్ల కళ్లద్దాలూ, నవ్వుతూ తలుపు తీసింది. లోపల అడుగు పెట్టగానే వెనక లాక్ పడింది. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోని జామర్‌కు అతని చెవిలోని బటన్ రేడియో మూగబోయింది. ఎదురుగా పిస్తోలు. నేతిబీరలో నెయ్యెంతో ఆమెలో మన మనిషి అంత.

చుట్టూ గాజుగోడలు, అరవై కుండీలు, అరవై తీగలు. అన్నీ మార్పిడిలో వచ్చిన విత్తనాలే. పేర్ల చీటీలు తడిసి చెరిగిపోయాయి. ఆమె ఫోన్‌లో యాప్ ప్రతి ఆకునూ చూసి 'లూఫా' అంటోంది. దాని లెక్కలో అన్నిటికీ బీరకాయ పీచు చుట్టరికం.

"డ్రోన్ ఒక్క కుండీనే మోస్తుందండి. చీకటి పడేలోగా చూపించండి. లేదంటే మీరూ ఎరువే."

గిరీష్ మొగ్గలకేసి చూశాడు. బీర సాయంత్రం పూస్తుంది. నేతిబీర పొద్దున్నే పూసి, ఈపాటికి వాడిపోతుంది. ఇంకాసేపట్లో గుట్టు దానంతటదే విచ్చుకుంటుంది.

మూలనున్న తీగకు ఒక మొగ్గ విచ్చింది.

"అదిగోనండి. సాయంత్రం పూసేది నేతిబీర ఒక్కటే."

ఆమె కళ్లారా చూసింది, నమ్మింది. కుండీ చంకనెత్తుకుని తలుపు దాకా నడిచింది. గిరీష్ పక్కన రెండో మొగ్గ కదిలింది. టోపీ తీసి దాని మీద బోర్లించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"రోజూ నీళ్లు పోయండి," అన్నాడు, ఆమె నల్ల కళ్లద్దాల్లోకే చూస్తూ.

"వెటకారమా?" తలుపు మూసి బయట లాక్ వేసింది. డ్రోన్ రొద లేచి, దూరమైంది.

అప్పుడు నైట్ షిఫ్టుకు దీపాలు వెలిగినట్టు తీగలన్నీ పసుప్పచ్చగా పూశాయి, ఒక్కటి తప్ప. దాని పూలు వాడి వేలాడుతున్నాయి. గిరీష్ ఆ కుండీని పసిబిడ్డలా ఒళ్లోకి తీసుకున్నాడు.

జామర్‌తోపాటు ఆమె కిందికి దిగగానే చెవిలో బటన్ గొంతు విప్పింది. గిరీష్ మాట అందుకుని లాబీలోనే ఆమెను పట్టుకున్న చీఫ్ మనుషులు పైకొచ్చి తలుపు తెరిచారు. కుండీతో గిరీష్ గేటు దాకా వచ్చాడు. అక్కడ సెక్యూరిటీ ఆంజనేయులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగున్రి సార్. కుండీకి గేట్‌పాస్ ఏది?"

శత్రువు కుండీ ఆకాశంలో దర్జాగా పోయింది. దేశం కుండీ గేటు దగ్గర ఆగిపోయింది.