ఇత్సెల్ లోపలికి రాదు

ఆ అమ్మాయి నాకోసమే కూర్చుంటోందని చాలా రోజులు మురిసిపోయాను. తప్పు నాది కాదు, వయసుది.

బుధవారం మధ్యాహ్నాలు ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ మేడమ్ తన గది తలుపు తెరిచి పెడతారు. ఎవరైనా వెళ్ళి సందేహాలు అడగొచ్చు. అల్గారిదమ్స్‌లో నా సంగతి అంతంతమాత్రం కాబట్టి నేను వారం వారం హాజరు. నా క్లాసే అయిన ఇత్సెల్ మాత్రం బయట వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేది. నేను బయటికి రాగానే తలెత్తి చూసేది. ఆ చూపుతో అప్పటిదాకా నేర్చుకున్నదంతా గాలికి పోయేది.

పొగమంచు కార్లని కప్పేసిన ఒక బుధవారం ధైర్యం చేసి, ఎవరికోసం ఈ కాపలా అని అడిగాను.

"నీ సందేహాల కోసం. అవి మరీ చిన్నపిల్లల సందేహాలే అనుకో. ఆవిడ జవాబులు మాత్రం బాగుంటాయి, ఇక్కడికి వినిపిస్తాయి."

నా గాలి తీసేసింది. లోపలికే రావచ్చుగా అన్నాను. ఫెయిలయ్యేవాళ్ళు వెళ్ళే గదిలో తనకేం పని అంది.

నాలాగే తనూ ఫీజులు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, ఈ యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడులో చేరింది. ప్రొఫెసర్లతో పరిచయం పెరిగేది ఇలాంటి గదుల్లోనే అని, మొదటి ఏడాది పిల్లలకి చెప్పే మర్మాలేవీ మాకెవరూ చెప్పలేదు. ఎక్కడో దూరాన పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చెయ్యాలని ఆమెకి కొండంత ఆశ. దానికి ప్రొఫెసర్ సిఫారసు రాయాలి. క్లాసులో ఫస్టు ఇత్సెలే, కానీ మార్కులు తప్ప మనిషిగా తనేమిటో తెలియని ఆవిడ ఏం రాస్తారు? గడువు దగ్గరపడింది. అది దాటితే, పిన్ని చూసిపెట్టిన బాదం ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగమే.

ఆ ఉద్యోగంలో చేరితే ఈ చుట్టుపక్కలే ఉంటుంది కదా అని ఒక్క క్షణం సంతోషించాను. వెంటనే నామీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి బుధవారం నా వంతు రాగానే ఆమె బ్యాగు లాక్కెళ్ళి లోపల కుర్చీలో పెట్టి వచ్చాను. దానికోసమైనా వెళ్ళక తప్పలేదు. నన్ను తిట్టుకుంటూ వెళ్ళిన మనిషి చాలాసేపు బయటికి రాలేదు.

వచ్చాక ముఖం వెలిగిపోతోంది. "రాస్తానన్నారు. నీ గురించి కూడా మాట్లాడారు."

"గట్టెక్కుతాననా?"

"పరిశోధన అంటే ఇరుక్కుపోవడం, సిగ్గుపడకుండా మళ్ళీ వచ్చి అడగడమేనట. ఆ అలవాటు నీకుందట. నిన్నూ అప్లై చెయ్యమన్నారు."

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఇక దాచుకోలేకపోయాను.

"నువ్వు దూరం వెళ్ళిపోతే నేను తట్టుకోలేను, ఇత్సెల్. అయినా వెళ్ళు."

ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది.

"రెండేళ్ళు అక్కడ, రెండేళ్ళు ఇక్కడ. ఎవరైనా దగ్గరయ్యేలోపే సామాను సర్దుకోవడమైపోయింది. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్ళు ఒకే చోట. అన్నేళ్ళూ ఒక్కదాన్నే ఉండాలని నాకు లేదు, ఎఫ్రేన్. అప్లై చెయ్యి."