ఆఖరి ఎర్ర జెండా

"ఏ పార్టీ సారూ నీది? మమ్మల్ని అడగకుంట మా చేన్ల జెండా పాతినవ్?"

ద్వాలి నాతో అన్న మొదటి మాట ఇది. తప్పు ఆమెది కాదు. మా ఖమ్మం జిల్లాలో ఎవరి భూమిలో ఎర్ర జెండా కనబడినా పార్టీవాళ్లు వచ్చారనే అనుకుంటారు.

"పార్టీ లేదు, గీర్టీ లేదు. మట్టిల విషమున్నదని గుర్తు. జెండా ఉన్నకాడి నుంచి గడ్డిపోచ కూడా బయటికి పోవద్దు. రూల్!"

ఆమె చేతిలో అప్పుడే కోసిన గడ్డిమోపు ఉంది. దాన్ని నా కాళ్ల మీద పడేసి, విసవిసా వెళ్లిపోయింది.

2006 సంగతి. భద్రాచలం దారిలో, అడవి అంచున మూతపడ్డ ఓ రసాయనాల ఫ్యాక్టరీ. అది వదిలిన పసుపునీళ్లు పక్క చేలలోకి ఇంకాయి. పాడైన మట్టి తవ్వి పంపడం, కొత్త మట్టి నింపడం, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపడం మా పని. సాయంత్రం కూలీలు లారీ ఎక్కేస్తే రేకుల గదిలో నేనొక్కణ్ణే. ఇల్లెందులో బొగ్గుబావి క్వార్టర్ల మధ్య, పక్కింటి దగ్గు కూడా వినబడే చోట పెరిగినవాణ్ణి. ఇక్కడ అమ్మకు ఫోన్ చేయాలంటే సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి. కొన్నాళ్లకు నాలో నేనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాను, సిగ్గుచేటు!

అందుకే ద్వాలి రోజూ వచ్చి పోట్లాడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

"ఇంకెన్ని దినాలు, సంపత్ సారూ? మా బాపు నాగలికి చెదలు పడుతున్నయ్."

"రిపోర్ట్ రావాలె."

"నడుచుకుంట వస్తున్నదా ఏంది?"

నేను నవ్వేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

వానలు మొదలయ్యేసరికి జెండాలన్నీ పీకేశాం. ద్వాలి వాళ్ల నాన్న తుల్సీరాం చేలోది ఒక్కటే మిగిలింది. దాని రిపోర్టూ వచ్చింది. మట్టి బాగుంది, సాగు చేసుకోవచ్చు. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. జెండా తీసేస్తే ఆమె ఇంకెందుకు వస్తుంది? రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా రోజులు గడిచాయి. వాన పడ్డ ప్రతిసారీ దొంగలా గదిలో కూర్చున్నాను.

శ్రావణంలో ద్వాలి వాళ్ల లంబాడీ తండాలో తీజ్ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడుకునే పండుగ. ఆ పాటలు వినబడుతుంటే నా గది మరీ ఖాళీగా అనిపించేది.

ఏడో రోజు ద్వాలి బుట్టతో వచ్చింది. బెత్తెడు మొలకలు, పచ్చగా.

"అందరూ పుట్టమన్ను తెచ్చిన్రు. నేను నీ జెండా కింది మట్టి తెచ్చిన. అవ్, దొంగతనమే! మొలకలు సక్కగ రాకుంటే మంచి మొగుడు రాడంటరు. అయినా తెచ్చిన. విషమైతే గిట్ల మొలుస్తదా సారూ?"

ఇక దాచలేకపోయాను. కాగితం తీసిచ్చాను. ఆమె తేదీ చూసింది.

"ఇరవై దినాలా? పత్తి అదునంత పాయె! ఎందుకు?"

"జెండా తీస్తే నువ్వు రావని. నువ్వంటే ఇష్టం ద్వాలీ. తప్పు చేసిన."

ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే తుల్సీరాం దగ్గరికెళ్లి మొత్తం ఒప్పుకున్నాను. "ఇగ ఉలవలే ఎయ్యాలె," అని ఆయన నాగలి దించాడు. జెండా పీకేసి, రెండు రోజులు ఆయన చేలో రాళ్లు ఏరాను. ద్వాలి అన్నం తెచ్చేది, ఆయనకు మాత్రమే.

తీజ్ ముగిసింది; ఆడపిల్లలు పెంచిన మొలకలు దీవెనగా పెద్దల తలపాగాల్లోకి చేరాయి. మర్నాడు పొద్దున్నే కంపెనీ జీపు వచ్చింది. సైటు పని అయిపోయింది, ఇంకో జిల్లాకు పొమ్మన్నారు. బ్యాగు తీసుకుని తలుపు తెరిచాను.

గుమ్మం ముందు ఎర్ర జెండా. పక్కనే ద్వాలి.

"ఇదేంది?"

"జెండా ఉన్నకాడి నుంచి ఏదీ బయటికి పోవద్దు. నువ్వు చెప్పిన రూలే కద?"

"ఎన్ని దినాలు?" అన్నాను.

"రిపోర్ట్ రావాలె."

"ఎప్పుడొస్తది?"

"నడుచుకుంట వస్తున్నది," అంటూ మొదటిసారి నవ్వింది.

అటు చూశాను. తలపాగాలో తీజ్ మొలకలు చెక్కుకుని, ఆగమన్నట్టు నాకు చెయ్యి ఊపుతూ, చేను గట్టు మీద తుల్సీరాం వస్తున్నాడు.

జీపు హారన్ మోగుతూనే ఉంది. నేను బ్యాగు కింద పెట్టాను.