సిరాపీట అడుగున చీటీ

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... సూర్యుడు నడినెత్తిన మండాల్సిన వేళ! కానీ ఆకాశమంతా కాటుక పులిమినట్టు కారుచీకటి! ఫెళఫెళమని పిడుగులు... పట్టపగలే గుడ్లగూబ కూత!

ఇంట్లోంచి వినిపించిన ఆర్తనాదానికి కొట్టులోంచి పరుగెత్తుకొచ్చిన వడ్రంగి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

నట్టింట రక్తవర్ణ వలయం... మధ్యలో కపాలం... దాని ముందు తాను చేసిన సిరాపీట! అవతల జుట్టు విరబోసుకుని, తెల్లగుడ్లు తేలేసి ఊగిపోతున్న తన భార్య! ఆమె నోట్లోంచి వస్తున్నది ఆమె గొంతు కాదు! వలయం పక్కన కూర్చుని మంత్రాలు చదువుతున్నది ఎవరో పరాయివాడా? కాదు... సొంత తమ్ముడు!

"నాకూ ఒక సిరాపీట చేసిపెట్టవా అన్నయ్యా, రాసుకుంటాను" అని వాడు అడగడమే మహాభాగ్యం అనుకున్నాడు ఆ పిచ్చి అన్న. మూడు నెలలు నడుం వంచాడు. నల్లచేవ దుంగ ఏరి తెచ్చాడు. కలాలు పెట్టుకునే గాడి తీశాడు, పాళీలు దాచుకునే సొరుగును ఒక్క మేకు లేకుండా కూర్చాడు. సిరాబుడ్ల కోసం గుంటలు తొలిచి మఖమలు పరిచాడు. భార్య మైనం రుద్ది అద్దంలా మెరిపించింది. ఒకరి పీట ఇంకొకరికి పోకుండా, చేయించుకున్నవాళ్ల పేరు చీటీ మఖమలు కింద అతికించడం ఆ కొట్టు ఆనవాయితీ. ఆ చీటీ ఎప్పుడూ ఆమే రాస్తుంది.

"ఒరేయ్! మీ వదినరా! అమ్మ పోయాక గోరుముద్దలు పెట్టి పెంచిన మనిషిరా!"

వాడు వికటంగా నవ్వాడు. "అందుకేగా అన్నయ్యా! నాకు అన్నం పెట్టిన ప్రాణమైతేనే ఈ శక్తికి రుచి. నువ్వేమో సిరా తగలని కొత్త పీట చేసిచ్చావు. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ భలే సాయపడ్డారులే!"

వదిన పేరు నెత్తుటితో రాసిన ఆకును పీటలోని గుంట మీద ఎత్తిపట్టాడు. "మహాశక్తీ! ఈ పీటలో మొట్టమొదట చేరిన పేరు ఎవరిదో... ఆ ప్రాణం నీకు ఆహారం!"

అన్న ముందుకురికాడు. "ఆపరా! మఖమలు కింద..."

"నోర్ముయ్! నీ ఉలి కబుర్లు వినే ఓపిక నాకెప్పుడూ లేదు!"

నిజమే, లేదు. ఆ కొట్లో ఒక్కపూట కూర్చున్నా వాడికి తెలిసేది!

ఆకు గుంటలో పడింది. మఖమలు చీల్చుకుని తారులాంటి ధూమం బుసకొడుతూ లేచింది! "మొదటి పేరు... దొరికింది!" కపాలం గర్జించింది. ఆ కరాళఛాయ ఆమెను తాకనైనా తాకలేదు. గిర్రున తిరిగి మాంత్రికుడి కంఠాన్ని చుట్టేసింది!

"అన్నయ్యా...!"

అంత ద్రోహం చేసినవాడే... అయినా ఆ పిలుపుకి అన్న చెయ్యి చాచకుండా ఉండలేకపోయాడు. చిక్కింది గుప్పెడు బూడిద! కపాలం ఫట్టున పగిలింది. మబ్బు విచ్చింది.

భార్య కళ్లు తెరిచింది. "ఇదేంటండీ, నట్టింట్లో ఈ బూడిద? చిన్నోడేడీ? అన్నం తినకుండానే వెళ్లిపోయాడా?"

గుంట అడుగున, చిరిగిన మఖమలు కింద, ఆమె గుండ్రటి అక్షరాలు... 'మా చిన్నోడిది'.

ఆమె కంట పడకుండా అతను సిరాపీటను మెల్లగా బోర్లించాడు.