కందికట్టె కొలత

పందొమ్మిది వందల తొంభై రెండు, జూన్ పదకొండు, గురువారం. ఆ పొద్దున రాగిసంగటిలోకి కోడలు చిన్నక్క శనక్కాయల ఊరుబిండి నూరింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ నరసప్ప వాకిట్లోకి చూశాడు. చేయి అక్కడే ఆగిపోయింది.

జీపు కుంగిపోయి ఉంది. పన్నెండు బస్తాల శనక్కాయలు ఎత్తినా తల దించని బండి, ఇప్పుడు పొదుగుతున్న పెట్టకోడిలాగా నేలకు అంటుకుని కూర్చుంది.

"ఏందిరా ఇది?"

"బండి కింద బరువు మోసే కమాను పట్టీలు రెండేసి తీయించినా నాయనా," అన్నాడు వెంకటరాముడు, తండ్రి ముఖం చూడకుండా. "దీనికి తగినట్ల చక్రాలు, టైర్లు కూడా మార్చల్ల. ఈపొద్దు పావగడకి పోతాండా."

"సోకా? టౌన్లో పిల్లోళ్లు బండ్లు పండుకోబెట్టినారని నువ్వూ పండుకోబెట్టినావా? పొలం దావలో దీన్ని భుజాన ఏసుకుని పోతావా?"

కొడుకు బండి తాళం తీసుకున్నాడు. మూలన విత్తనం కాయలు ఒలుస్తున్న హొన్నమ్మ తల ఎత్తలేదు. నరసప్పకు భార్య మీద కూడా ఉడుకుగానే ఉంది. ఆదివారం హొసకోటలో కూతురు సంజీవమ్మ బిడ్డను తొట్టిల్లో వేస్తున్నారు. తొలి మనవరాలు. అయినా ఈమె రానంటుంది. బండి వాసనకు కడుపులో తిప్పుతుందట. రెండేళ్లుగా ఊరు దాటలేదు. కన్నకూతురి మీద మమకారం కూడా ఎండిపోయిందేమోనని అతనికి లోలోపల బాధ.

"నేనూ వస్తా పద. టైర్లు నేను ఏరతా. బండి మళ్లా లేసి నిలబడల్ల," అన్నాడు చేయి కడుక్కుంటూ.

"నేనూ వస్తా మామా," అంది చిన్నక్క. చేతిలో నడుము ఎత్తు కూడా లేని కందికట్టె ఉంది.

"అదెందుకమ్మా? దావలో గొర్రెలు తోలేదానికా?"

చిన్నక్క నవ్వి జీపు ఎక్కింది.

పావగడలో హనుమంతరాయప్ప టైర్ల అంగడి ముందు రేకుల నీడలో జీపు ఆగింది. నరసప్ప నేరుగా అన్నిటికన్నా ఎత్తుగా, వెడల్పుగా ఉన్న టైర్ల దగ్గరికి పోయి అరచేత్తో చరిచాడు.

"ఇవి ఎక్కించప్పా."

"పట్టీలు తీసిన బండికి ఇవి పట్టవప్పా," అన్నాడు హనుమంతరాయప్ప.

"ఎక్కించి చూపీ. పట్టకుంటే అప్పుడు మాట్లాడు."

ముందు రెండూ ఎక్కించారు. జీపు ముక్కు పైకి లేచింది. నరసప్ప మీసం దువ్వాడు. వెంకటరాముడు ఎక్కి స్టీరింగు తిప్పి నాలుగు బారలు నడిపాడో లేదో, టైరు మడ్‌గార్డుకు రాచుకుని గీమని అరిచింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"ఖాళీ బండికే ఇట్లుండాది. మనుషులు కూర్చుంటే చక్రం తిరగదు," అన్నాడు హనుమంతరాయప్ప.

"అయితే ఆ పట్టీలు మళ్లా ఏయించు! నా బండిని కుంటిదాన్ని చేసి..." నరసప్ప గొంతు లేచింది.

"కుంటిది బండి కాదు మామా!"

చిన్నక్క గొంతు అంత గట్టిగా అతను ఎన్నడూ వినలేదు. ఆమె వచ్చి కందికట్టెను జీపు ఎక్కే చోట నేలకు ఆనించి నిలబెట్టింది. కట్టెకు మధ్యలో పసుపు దారం కట్టి ఉంది. జీపులో కాలు పెట్టే అడుగు ఆ దారానికి ఆరు వేళ్లు పైన ఉంది.

"ఈ దారం ఏంది?" అన్నాడు నరసప్ప.

"అత్త కాలు లేసే ఎత్తు."

చిన్నక్క కట్టె వదలకుండానే మామ వైపు తిరిగింది.

"బండి వాసన గాదు మామా. అత్తకు మోకాళ్లు లేయవు. రెండేండ్ల కింద హొసకోట ఆస్పత్రికాడ ముగ్గురు మొగోళ్లు పట్టుకుని బస్తా ఎత్తినట్ల ఎత్తి బండ్లో ఏసినారు. జనమంతా చూసినారు. ఆపొద్దు నించి బండి ఎక్కనంటాది. నీకు చెప్పొద్దని మాతో ఒట్టు ఏయించుకునింది."

"పీట ఏస్తే..." అన్నాడు నరసప్ప.

"పీట ఏసేదానికీ ఒకరు రావల్ల గదా అంటాది. మెట్టు తగిలిస్తిమి. పొలం దావలో రాయి తగిలి ఊడిపాయ."

నరసప్పకు ఆ మెట్టు గుర్తొచ్చింది. బస్తాలకు అడ్డమని తిట్టింది తనే.

దారాన్ని వేలితో తాకాడు. "ఎప్పుడు కొలిస్తివి?"

"వారం కొలిసినా. కసువు ఊడుస్తా, గడప దాటేటప్పుడు చూసుకుంటి. పొద్దున ఇంకా రెండు వేళ్లు ఎక్కువే లేస్తాది. సాయంత్రానికి ఇంతే. సాయంత్రం కొలతే పెట్టుకుంటి. పోయినామె తిరిగి రావల్ల గదా మామా."

నరసప్ప పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు. ముప్పై ఏళ్లు ఒకే గడప దాటిన మనిషి కాలు ఎంత లేస్తుందో తనకు తెలియలేదు. నిన్నమొన్న వచ్చిన పిల్లకు పొద్దుటి కాలూ తెలుసు, సాయంత్రం కాలూ తెలుసు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత లేచి, కట్టె తీసుకుని, చక్రాల వరసలోకి తనే పోయాడు.

చిన్న రిమ్ములు, సన్నటి టైర్లు ఏరాడు. ఎక్కించాక కట్టె నిలబెట్టాడు. జీపు అడుగు దారానికి సరిగ్గా తగిలింది.

"ఇది పొలం దావలో గట్టుకు తగుల్తాది చూడప్పా," అన్నాడు హనుమంతరాయప్ప.

"దావ సంగతి నేను చూసుకుంటా."

రెండు రోజులు గడ్డపార పట్టుకుని రాళ్లు తవ్వాడు. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా గుంతల్లో గరుసు మట్టి పోశాడు. "శనక్కాయల బండ్లకని," అన్నాడు హొన్నమ్మతో. వాన జాడే లేదు, విత్తనమే పడలేదు; బండ్లకెక్కే కాయలు ఎక్కడివి? ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

ఆదివారం పొద్దున చిన్నక్క అత్తను చేయిపట్టి వాకిట్లోకి తెచ్చి, చేయి వదిలేసింది. నరసప్ప పక్కకు తిరిగి ఊరికే తువ్వాలు దులిపాడు. వెనక జీపు చిన్నగా ఊగింది. తిరిగి చూసేసరికి హొన్నమ్మ లోపల కూర్చుని కొంగు సర్దుకుంటోంది.

"ఏమయ్యో, పోదామా? నువ్వు ఎక్కేదానికి కూడా ఎవురన్నా రావల్లా?" అంది.

హొసకోటలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఆమె పాడిన పాట విని సంజీవమ్మ కళ్లొత్తుకుంది. పొద్దు వాలాక తిరుగు బండి కూడా హొన్నమ్మ తనంతట తనే ఎక్కింది. కాలు పసుపు దారం ఎత్తుకే లేచింది. అది చాలింది.

ఆ రాత్రి పడుకునే ముందు నరసప్ప తలుపు వేయబోతే దాని వెనక కందికట్టె కనిపించింది. బయట పెడదామని చేతిలోకి తీసుకున్నాడు.

"దాన్ని ఆడనే ఉండనీ," అంది మంచం మీది నుంచి హొన్నమ్మ. దుప్పటి సర్దుకుంటూ, "గరుసు మోసి మోసి చేతులు బొబ్బలెక్కినాయి గదా. ఆముదం రాసుకో," అంది.

అతను కట్టెను ఉన్నచోటే ఆనించాడు. కోడలు నిద్ర లేవకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.