ఒకే అబద్ధం చెప్పే క్రోనోగ్రాఫ్

బుల్లెట్‌ప్రూఫ్ కారులో కూర్చున్న రాయబారి బుల్లెట్ తగిలి చనిపోయాడు.

కారు అద్దానికి వేలు పట్టేంత చిల్లు పడింది. దాని ఫొటోని బల్లమీదకి తోసి, చీఫ్ నిదానం వంక చూశాడు. నిదానం అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. కొంప అంటుకున్నా షూ లేసులు కట్టుకుని మరీ బయటికొచ్చే రకం కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

"ఈ అద్దం మన షూటింగ్ రేంజ్‌లోనే పాసైంది. సెకనుకి ఎనిమిది వందల ముప్పై మీటర్ల వేగంతో వచ్చే తూటాని ఆపుతుందని సర్టిఫికెట్. రాయబారిని కొట్టిన తూటా వేగమూ అంతే. మరి ఎందుకాగలేదు?"

"టెస్టులో తూటా అంత వేగంగా వెళ్లి ఉండదు సార్."

"అదీ సంగతి. తూటా నెమ్మదిగా వెళ్తున్నా, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఎక్కువ చూపిస్తే చెత్త అద్దం కూడా పాసైపోతుంది. ఆ బ్యాచ్ అద్దమే దేశాన్నేలే పెద్దాయన కారుకీ ఉంది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కాన్వాయ్."

"కారు మార్చేయండి."

"మారిస్తే రాయబారిని చంపిన ముఠా పసిగట్టి మాయమైపోతుంది. రేంజ్‌లో వాళ్ల మనిషెవరో ముందు తేలాలి. నీ చొక్కా గుండీలో మైకు ఉంటుంది. 'ఎండ బాగుంది' అంటే కాన్వాయ్ కదులుతుంది. 'గొడుగు మర్చిపోయాను' అంటే ఆపేస్తాను. పెద్దాయనకి ఓపిక తక్కువ. పన్నెండు దాటితే నా మాట వినడు." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "అక్కడ టెస్ట్ ఇంజనీరు ఎవరో తెలుసుగా?"

తెలియకపోవడమేం? ముఠా మీద కన్నేసి ఉంచమని డిపార్ట్‌మెంటే ఆమెని అక్కడ పెట్టింది. కోడ్ నేమ్ నెమలి. నిదానానికి కాబోయే భార్య.

"ఇంకెవర్నైనా పంపండి సార్."

"కొత్త మొహం కనిపిస్తే జాగ్రత్త పడుతుంది. అయినా ఆమె తప్పేం లేకపోతే, ఆ మాట నీ నోటితోనే చెప్పాలని నీకు లేదా?"

ఉంది. రాత్రంతా అతనికి ఉన్నది ఆ ఒక్క కోరికే.

మర్నాడు మిగతావాళ్ల కళ్లు కప్పడానికి క్రోనోగ్రాఫులు అమ్మే సేల్స్‌మన్ వేషంలో, టై బిగించుకుని, రాడార్ పెట్టె భుజాన వేసుకుని నిదానం రేంజ్‌కి వెళ్లాడు. మేనేజరు ఎదురొచ్చి చేయి కలిపాడు. పాపం ఆ పెద్దమనిషికి ఈ గొడవలేవీ తెలియవు. డెమో చూసి, నచ్చితే కొందామన్న ఉత్సాహంలో ఉన్నాడు. "మా ఇంజనీరుగారు చూసుకుంటారు" అని అప్పగించి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

నెమలి నల్లకోటులో, ఎర్ర లిప్‌స్టిక్‌తో, ఇయర్‌మఫ్స్ మెడకి తగిలించుకుని వచ్చింది. ఆమె గదిలోకొస్తే గురి పెట్టినవాడు గోడని కొడతాడని రేంజ్‌లో జోకు.

"ఈ టై ఏంటి, పెళ్లిచూపులకొచ్చినట్టు?" అంది.

"అవి అయిపోయాయిగా" అన్నాడు నిదానం. నవ్వడానికి ప్రయత్నించాడు.

రేంజ్‌లో ఉన్నది ఆప్టికల్ క్రోనోగ్రాఫ్. స్టాండు మీద రెండు సెన్సర్లు. తూటా నీడ మొదటి దాన్ని దాటి రెండోదాన్ని చేరడానికి పట్టే సమయంతో వేగం లెక్కకడుతుంది. నిదానం తెచ్చింది రాడార్. తుపాకీ పక్కన కూర్చుని, వెళ్లే తూటాని వెనకనుంచి కొలుస్తుంది. నెమలి పేల్చిన ఒకే తూటాని రెండూ కొలిచాయి. ఆప్టికల్ ఎనిమిది వందల ముప్పై అంది. రాడార్ ఏడు వందల నలభై అంది.

తొంభై తేడా అంటే ఏమిటో నిదానానికి తెలుసు. కానీ ప్రేమించినవాడికి సాకులకి కరువుండదు. ట్యూబ్‌లైట్ల మిణుకుకి సెన్సర్ మోసపోతోందేమో అనుకున్నాడు. లైట్లార్పించి బ్యాటరీ దీపం పెట్టించాడు. మళ్లీ తొంభై తేడా. తుపాకీ మూతిలోంచి వచ్చే పొగ, గాలి ముందే తగులుతున్నాయేమోనని స్టాండుని తుపాకీకి దూరంగా జరిపాడు. అదే తొంభై. సెన్సర్ల మధ్య దూరం తగ్గిందేమోనని మోకాళ్లమీద కూర్చుని టేపుతో కొలిచాడు. దూరం సరిగ్గానే ఉంది. ఆ క్షణంలో అది తప్పుగా ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నాడో! తన రాడార్‌నే తిట్టుకున్నాడు. దాన్ని ఆపి, మళ్లీ సెట్ చేసి కొలిచాడు. అదీ మాట మార్చలేదు.

పాడైన యంత్రం పూటకో అబద్ధం చెబుతుంది. ఇది మాత్రం ప్రతిసారీ ఒకే అబద్ధం చెబుతోంది. అంటే దానికి ఎవరో నేర్పారు. తూటాల్లో మందు తగ్గించింది కూడా వాళ్లే. అయితే అలా నేర్పింది ఆమే కానక్కరలేదు కదా? యంత్రాన్ని అమ్మినవాళ్లు కావచ్చు, తూటాలు పంపే స్టోరువాళ్లు కావచ్చు. నిదానం ఆ ఆఖరి సాకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీ పెట్టెలో ఏదో లోపం ఉంది" అంది నెమలి తేలిగ్గా.

"ఉండొచ్చు. ఆఖరి రౌండుతో తేలిపోతుంది."

ఆ రేంజ్‌లో ఒక పద్ధతి ఉంది. అద్దాన్ని పాస్ చేసినవాళ్లే ఆఖరి తూటాకి దాని వెనక నిలబడాలి. నెమలి చాలాసార్లు నిలబడి, చెదరని అద్దం వెనకనుంచి అందరికీ నవ్వుతూ చేయి ఊపింది.

"ఇవాళ నేను నిలబడతా. నువ్వు కొట్టు" అంటూ నిదానం జేబులోంచి ఒక తూటా తీశాడు. "ఇది మాత్రం ఆర్మీ డిపో సరుకు. మందు పూర్తిగా దట్టించింది."

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గోడ గడియారం వంక చూసింది. పన్నెండుకి ఇంకా కాస్త టైముంది. గదిలో వాళ్లిద్దరే. ఆ గోడలు చప్పుడు బయటికి పోనివ్వవు.

"భయమేస్తే మానేద్దాం" అన్నాడు నిదానం. "ఒక్క మాట చెప్పు చాలు. ఏదైనా సరే, చెప్పు."

"భయమెందుకు? నేను పాస్ చేసిన అద్దమేగా."

అతను వెళ్లి అద్దం వెనక నిలబడ్డాడు. నెమలి రైఫిల్ భుజానికెత్తింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం అతనికి స్పష్టంగా కనిపించింది. తుపాకీ దించేస్తుందనుకున్నాడు. ఆమె పెదవులు కదిలాయి. మాట వినపడకపోయినా పెదవుల్ని చదవడం డిపార్ట్‌మెంట్ అతనికి నేర్పిన మొదటి విద్య. దాన్ని ఎందుకు నేర్చుకున్నానా అని మొదటిసారి ఏడుపొచ్చింది.

"క్షమించు" అంది నెమలి.

అద్దం గట్టిదని నమ్మే మనిషికి క్షమాపణతో పనేముంది?

ట్రిగ్గర్ నొక్కింది. టక్‌మని చిన్న చప్పుడైంది, అంతే. ఆ తూటాలో మందు బదులు ఇసుక పోసింది నిదానమే.

"గొడుగు మర్చిపోయాను" అన్నాడు గుండీకి. మైకుకి వినపడిందో లేదోనని ఇంకోసారి అన్నాడు. ఊరికి ఆ చివర అప్పటికే ఒక కాలు కారులో పెట్టిన పెద్దాయనని చీఫ్ భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

తలుపులు తోసుకుని డిపార్ట్‌మెంట్ మనుషులు లోపలికొచ్చారు. నెమలి పరిగెత్తలేదు. రైఫిల్‌ని బల్లమీద జాగ్రత్తగా పెట్టి, చేతులు తనే ముందుకు చాపింది. నిదానం ఆమెతోపాటు వ్యాన్ దాకా నడిచాడు.

"ఎప్పట్నించి?"

"నీకంటే ముందునించే" అంది. "నేను నొక్కకపోయుంటే ఏం చేసేవాడివి?" అని అడిగింది.

"ఈ వ్యానే ఎక్కించేవాణ్ణి. కాకపోతే పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. నువ్వెప్పుడు బయటికొస్తే అప్పుడే పెళ్లి."

ఆమె అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి. అతను ఓదార్చడానికి చేయెత్తి, ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. తలుపు మూశారు. వ్యాన్ గేటు దాటి మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు.

వెనకనుంచి మేనేజరు ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో టీ కప్పు అలాగే ఉంది.

"ఏంటండీ ఈ గందరగోళం? ఆవిణ్ణెవరో తీసుకుపోయారంటున్నారు! సరే, అదంతా పోలీసులు చూసుకుంటారు గానీ, మీ రాడార్ మాత్రం భలే ఉందండీ. నాలుగు పంపించండి. గ్యారంటీ ఎన్నాళ్లిస్తారు?"

నిదానం టై ముడి సరిచేసుకున్నాడు. వేషం ఇంకా విప్పలేదు కదా, సేల్స్‌మన్ జవాబు చెప్పక తప్పదు.

"యంత్రానికైతే రెండేళ్లండీ" అన్నాడు.