నూట యాభై ఏడు అంకెలు

బీరువాలో కాగితం లేదు.

ఎస్సై శామ్యూల్ హన్మకొండలోని ఆ కాలేజీకి చేరేసరికి ఉదయం తొమ్మిది నలభై. పదకొండుకు సన్మానం. లెక్కల లెక్చరర్ ప్రేమలత నూట యాభై ఏడు అంకెల సంఖ్యను రెండు కారణాంకాలుగా విడగొట్టింది. అది సంయుక్త సంఖ్యేనని, ఏవో రెండు సంఖ్యల గుణకారమేనని ముప్పై ఏళ్లుగా తెలుసు. ఏ రెండో తెలియదు. ల్యాబ్ కంప్యూటర్లు రెండేళ్లు తిరిగితే దొరికిన జవాబు ఆ కాగితం మీద ఉంది. కంప్యూటర్లో ఫైలూ మాయమైంది.

"అంటే ముప్పై ఏండ్లుగ నేరం రుజువైంది, నేరస్థులు దొరకలే. అచ్చం మా స్టేషన్ లెక్కనే," అన్నాడు శామ్యూల్.

ప్రేమలత నవ్వలేదు.

బీరువాకు రెండు తాళంచెవులు. ఒకటి ఆమెది. రెండోది అటెండర్ యాకయ్యది.

"నిన్న తాళం ఎన్నింటికి ఏసినవ్?"

"ఆరున్నరకు సార్."

"కాగితం చూసినవా?"

యాకయ్య తల దించుకున్నాడు.

అది చాలనుకున్నాడు శామ్యూల్. గుమ్మం దగ్గర మూగిన విద్యార్థుల ముందే అతని సంచి బల్ల మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నం, చింతకాయ తొక్కు చెదిరాయి. ఎవరో కిసుక్కుమన్నారు. దవాఖానలో వార్డుబాయ్‌గా చేసిన తన తండ్రి యోసేపు చేతిలోనూ అలాంటి డబ్బాయే ఉండేది. శామ్యూల్ ముఖం తిప్పుకున్నాడు. గొంతు మాత్రం ఇంకా పెంచాడు.

"జల్ది చెప్పు!"

"పోలీసు కేసైతే ఔట్‌సోర్సింగోళ్లను ఉంచరు యాకయ్యా," అన్నాడు ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్. "నౌకరి పోతది. ఇప్పుడన్న చెప్పు."

"నేను తియ్యలే సార్."

ప్రేమలత కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పదీ పది అయింది. సెమినార్ హాల్లో వేదిక వెనక తాళ్లు కట్టి ఉన్నాయి. వాటికి ఫ్లెక్సీ లేదు. శామ్యూల్ ఫ్లెక్సీ షాపు వినయ్‌కు ఫోన్ చేశాడు.

"ఎప్పుడో ప్రింటైంది సార్. మేడమే వద్దన్నది."

"ఎన్నింటికి?"

"ఆగుండ్రి, చూస్త. పొద్దుగాల ఎనిమిది అయిదుకు."

కాగితం పోయిందని ఆమె అరిచింది తొమ్మిది పదికి.

వినయ్ ఫ్లెక్సీ ఫొటో పంపాడు. పైన, డిపార్ట్‌మెంట్ గోడమీది చార్టు చూసి వినయ్ వేసిన పెద్ద సంఖ్య. కింద, మేడం మూడు రోజుల కింద పంపిన కారణాంకాలు. పోయిందన్న జవాబు వినయ్ ఫోన్లోనే ఉంది. ఆమె అడగనే లేదు.

శామ్యూల్ చివరి బెంచీలో కూర్చుని, టెన్త్‌లో నేర్చిన తనిఖీ మొదలుపెట్టాడు. ఒక కారణాంకం అంకెలు కూడి తొమ్మిదితో భాగిస్తే నాలుగు మిగిలింది. రెండోదానికి అయిదు. నాలుగైదులు ఇరవై, తొమ్మిది తీసేస్తూ పోతే రెండు. పెద్ద సంఖ్యకూ రెండే మిగలాలి. దాని అంకెల మొత్తం ఏడు వందల ఒకటి. మిగిలింది ఎనిమిది. మూడుసార్లు కూడాడు. ఎనిమిదే.

పదీ నలభై అయిదు. అందరినీ డిపార్ట్‌మెంట్ గదికి పిలిచాడు.

"మేడం, పొద్దున ఎనిమిదింటికే ఫ్లెక్సీ వద్దన్నరు. పోతదని ముందే ఎట్ల తెలుసు? ఈ రెంటిని గుణిస్తే గోడమీది సంఖ్య రాదు. అందుకేనా?"

ప్రేమలత కుర్చీలో కూలబడింది.

"కంప్యూటర్లకు సంఖ్య ఎక్కించేటప్పుడు తొమ్మిదికి బదులు మూడు కొట్టిన. ఒక్క అంకె. రెండేళ్లు వేరే సంఖ్యను విడగొట్టిన. గుణించి చూసినప్పుడల్లా నేను కొట్టినదానితోనే పోల్చుకున్న. నిన్న ఫ్లెక్సీ ఫొటో వచ్చినంక..." ఆగింది. "యాకయ్య పేరు నేను చెప్పలే."

"కాదని కూడా అనలే."

ఆమె చేతులతో ముఖం కప్పుకుంది. కేసు తేల్చాననే చిన్న గర్వం శామ్యూల్‌లో అప్పటికింకా ఉంది.

"నీకు తెలుసా అన్నా?" యాకయ్యను అడిగాడు.

"నిన్న మేడం కాగితం చింపుకుంట ఏడ్సింది సార్. చూసిన. అది నలుగుర్ల ఎట్ల చెప్పాలె?"

శామ్యూల్ గర్వం అక్కడే అణిగిపోయింది.

ప్రేమలత లేచింది. ఎవరినీ చూడకుండా హాలు వైపు నడిచింది, నిజం చెప్పడానికి. గుమ్మం దగ్గర పొద్దుటి పిల్లలే నిలబడి ఉన్నారు.

శామ్యూల్ టోపీ తీసి బల్ల దగ్గర వంగాడు.

"నేను తీస్త సార్, మీరు ఉండుండ్రి," అన్నాడు యాకయ్య.

"వద్దన్నా. పిల్లల ముందల బోర్లించిన. పిల్లల ముందల్నే ఎత్తాలె."

అన్నం ఎండి బల్లకు అంటుకుంది. ఒక్కొక్క మెతుకే గిల్లి తీయాల్సి వచ్చింది.