ముగ్గురు హోసే సాంతోస్‌లు

జ్ఞానస్నానాల రిజిస్టర్‌లో ఒక పేజీ లేదు. బ్లేడుతో కోసిన అంచు మాత్రం కుట్టు దగ్గర మిగిలింది.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి చర్చి పెద్ద అబెలీనో అది గమనించాడు. గురువారం కాస్ట్రో పట్నంలో కోర్టు వాయిదా. ఆ పేజీ లేకపోతే, దొమితీలా చిగువాయ్ కుటుంబం తరతరాలుగా గుల్లలేరుకుని బతికిన తీరం చేపల కంపెనీ పాలవుతుంది. దానికి నకలు కూడా లేదు.

పది దాటాక ఇన్‌స్పెక్టర్ ఎల్సీరా ఒయార్సున్ వానలో తడిసి వచ్చింది. తలుపు మూయించింది.

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే," అన్నాడు అబెలీనో.

"ఈ వారం రిజిస్టర్ ఎవరు చూశారు?"

"దొమితీలా, ఆమె తమ్ముడు నిబాల్దో, కంపెనీ ఏజెంట్ లాస్ట్రా గారు. విడివిడిగా వచ్చారు. నేను పొయ్యి దగ్గర మాతే టీ తాగుతూ కూర్చున్నా."

"కాపలా బాగా కాశారు పెద్దాయనా."

ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు. అందరి చూపూ లాస్ట్రా మీదే.

"కంపెనీ వాళ్ళకి సిగ్గూ శరమూ ఉండవు మేడమ్," అన్నాడు నిబాల్దో. "ముందు వీణ్ణి లోపలెయ్యండి."

దొమితీలా ముత్తాత పేరు కోసం ఎల్సీరా రిజిస్టర్ చివర ఉన్న పేర్ల పట్టిక తిప్పింది. ఒకే ఏడాదిలో హోసే సాంతోస్ చిగువాయ్‌లు ముగ్గురు. తండ్రులందరూ హువాన్‌లే. తల్లులందరూ రొసారియోలే. మా దీవిలో పేర్లకు ఎప్పుడూ కరువే. కొత్తది వెతకడమంటే మా తాతలకు మహా బద్ధకం.

వాళ్ళ మూడు పేజీల్లో కోసింది ఒక్కటే. మిగతా రెండూ భద్రంగా ఉన్నాయి.

"వీళ్ళలో మీ ముత్తాత ఎవరు దొమితీలా? ఎలా పోల్చుకుంటారు?"

దొమితీలా తటపటాయించింది. "జ్ఞానస్నానమప్పుడు బిడ్డ బాధ్యత తీసుకున్న జ్ఞానతండ్రిని బట్టి. ఆయన పేరు తోరీబియో వేరా. ఆ తీరం తన జ్ఞానపుత్రుడికి రాసిచ్చింది ఆయనే. దస్తావేజు నా పెట్టెలో ఉంది. కోర్టులోనే బయటపెడదామని దాచా."

ఎల్సీరా మిగిలిన రెండు పేజీలూ చదివింది. రెండింట్లోనూ జ్ఞానతండ్రులు వేరు.

"అంటే పోయింది మీదే. ఆ పేరు లాస్ట్రా గారికి తెలుసా?"

"తెలీదు."

"అబెలీనో గారికి?"

"తెలీదు. ఎవరికీ..." దొమితీలా మాట మధ్యలో ఆగిపోయింది.

"లాస్ట్రా గారైతే మూడూ కోసేవారు," అంది ఎల్సీరా. "మీదేదో ఆయనకు తెలియదు. ఒకటి కోసి అదృష్టాన్ని నమ్ముకునే మనిషీ కాదు. దొంగకి ఆ పేరు తెలుసు. ఎవరికి చెప్పారు?"

దొమితీలా చెప్పింది ఒక్కడికే. అమ్మ పోయాక తను ఎత్తుకుని పెంచినవాడికి.

"నిబాల్దో, ఈవిడ పొరబడిందని చెప్పరా."

నిబాల్దో తలెత్తలేదు.

"కంపెనీవాళ్ళు చేపల కేజుల దగ్గర సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామన్నారక్కా. ఆ బురదలో ఎన్నాళ్ళు దేవులాడను?"

లాస్ట్రా కిటికీ వైపు తిరిగాడు.

"పేజీ ఏది?" అడిగింది ఎల్సీరా.

"ఇంటి పొయ్యిలో వేశాను."

"నిన్న రాత్రి నా చేతి వంట తిన్నావు," అంది దొమితీలా. "కేసు గెలుస్తామక్కా అని నాకే ధైర్యం చెప్పావు. ఎంత మోసం చేశావురా."

ఎల్సీరా కాగితం తీసింది. "ఫిర్యాదు అబెలీనో గారు ఇస్తారు. కానీ సాక్ష్యం మీరే చెప్పాలి. ఆ పేరు తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదని. చెప్పకపోతే, రేపు అతను మాట మారిస్తే దొంగతనం కేసు నిలబడదు."

"వద్దక్కా," అన్నాడు నిబాల్దో. "ఎంతైనా మనది ఒకే రక్తం."

"ఆ రుజువే కదరా నువ్వు పొయ్యిలో వేసింది," అంది దొమితీలా.

కుర్చీ లాక్కుని ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుగా కూర్చుంది.

"రాసుకోండి మేడమ్."